హస్తవాసి ఎవరిది?

ఉగాదినాడు మన ఇండ్లలో పచ్చడి ఒక్కరు చేసేది కాదు. కుర్రవాళ్ళు వేపపువ్వు దులుపుకొని వస్తారు. ఇల్లాలు కొత్త చింతపండు పిసుకుతుంది. ఒకరు మామిడికాయ తరిగితే మరొకరు బెల్లం కొడతారు. ఆ పచ్చడి ఎవరు చేసినారని అడిగితే "మా ఇంట్లో చేసినాం" అంటామే గాని ఒకరి పేరు చెప్పం. అదే ఇంట్లో ఎవరైనా జబ్బుపడి, ఆసుపత్రిలో నెల్లాళ్ళుండి, నయమై తిరిగివస్తే మాత్రం "ఫలానా డాక్టరుగారి హస్తవాసి మంచిది" అని ఒక్క పేరే చెప్పుకుంటాం. ఆ మాటలో కృతజ్ఞత ఉన్నది. తప్పు పట్టవలసిన పని లేదు. కాని రాత్రి రెండు గంటలకు వచ్చి జ్వరం చూచిన చేయి, పుండు కడిగి కట్టు కట్టిన చేయి, మందు మోతాదు సరిచూచి ఇచ్చిన చేయి, మంచం దిగలేని మనిషిని పట్టుకొని నాలుగడుగులు నడిపించిన చేయి - ఇవన్నీ ఎవరివి? ఆ చేతులు కలసి పనిచేయడం ఎట్లా నేర్చినవి, కలసి కొత్త ఉపాయాలు ఎట్లా కనిపెట్టినవి అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

మనకు ఇది దూరపు సంగతి కాదు. బెంగుళూరు, చెన్నపట్నం, బరంపురం, షోలాపురం, యానాం - ఎక్కడ చూచినా మన కుటుంబాల ఆడపిల్లలు నర్సింగు చదువుకు పోతున్నారు. ఇప్పుడు మగపిల్లలూ పోతున్నారు. ఒకప్పుడు ఈ చదువంటే పెద్దలు ముఖం చిట్లించేవారు. నేడు ఉద్యోగం దొరుకుతుందన్న ధైర్యంతో పంపుతున్నారు. కాని పిల్ల అక్కడ ఏమి నేర్చుకుంటున్నదో, ఆమె మాటకు వార్డులో ఎంత విలువ ఉన్నదో ఆలోచించేవారు తక్కువ. చరిత్ర చూస్తే, నర్సు మాటకు విలువ ఇచ్చినచోట ప్రాణాలు నిలిచినవి, కొత్త వైద్యాలు పుట్టినవి. ఆమె నోరు మూయించినచోట రోగి నష్టపోయినాడు.

దీపం పట్టిన స్త్రీ, లెక్కలు కట్టిన స్త్రీ

నర్సుల చరిత్ర అనగానే ఫ్లారెన్సు నైటింగేలు పేరు వస్తుంది. 1854 నవంబరులో ఆమె 38 మంది నర్సులతో స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. రాత్రివేళ దీపం పట్టుకొని మంచాల మధ్య తిరిగే ఆమె బొమ్మను మనమందరం పాఠ్యపుస్తకాలలో చూచినవాళ్ళమే. ఆ బొమ్మ అబద్ధం కాదు గాని, సగమే నిజం.

ఆమె ఎంత శ్రమపడినా ఆ శీతాకాలంలో సైనికులు చనిపోతూనే ఉండినారు. 1855 ఫిబ్రవరిలో నూటికి 42 మంది వంతున మరణించినారు. మార్చి నెలలో ఇంగ్లండు నుండి ఒక పారిశుద్ధ్య సంఘం వచ్చింది. అందులో సదర్లండు అనే డాక్టరూ, రాలిన్‌సన్ అనే ఇంజనీరూ ఉండినారు. వారు ఆసుపత్రి క్రింద ఉండిన మురుగు కాలువలను బాగుచేయించినారు. గాలి ఆడే ఏర్పాటు చేసినారు. మంచినీటి దారి శుభ్రపరచినారు. జూన్ నాటికి మరణాలు నూటికి 2కు దిగినవి. యుద్ధం ముగిసి ఇంటికి వచ్చిన పిమ్మట నైటింగేలు ఊరుకోలేదు. విలియం ఫార్ అనే గణాంక నిపుణునితో కలసి ఆ మరణాల లెక్కలన్నీ తీసింది. గాయాలవల్ల పోయినవారికంటే నివారింపదగిన జబ్బులవల్ల పోయినవారే ఎన్నో రెట్లు ఎక్కువని ఆ లెక్కలు తేల్చినవి. అంకెలు చదివే ఓపిక లేని మంత్రులకు కూడా కంటికి కనబడేటట్లు రంగులతో చక్రాకారపు పటం గీయించి 1858లో అచ్చు వేయించింది.

ఇందులో గమనింపదగినది ఒకటి ఉన్నది. నర్సు ఒక్కతే అయితే పటం వచ్చేది కాదు. గణాంక నిపుణుడు ఒక్కడే అయితే వార్డులో ఏమి జరిగిందో తెలిసేది కాదు. ఇంజనీరు లేకపోతే కాలువ బాగుపడేది కాదు. మూడు నాలుగు వృత్తుల తెలివి ఒకచోట చేరి, ఏ ఒక్కరికీ తట్టని సంగతి బయటపడింది. సృజనశక్తి అని పెద్దమాటగా చెప్పుకొనేది చాలాసార్లు ఇంతే: ఒకరు చూచినది మరొకరు లెక్కించగా, ఇంకొకరు సరిచేయడం.

మన తెలుగువారికి ఇక్కడ ఒక సంబంధం కూడా ఉన్నది. నైటింగేలు భారతదేశానికి ఎన్నడూ రాలేదు. అయినా ఈ దేశంలోని సైనికుల ఆరోగ్యంపై రాజ సంఘం 1863లో ఇచ్చిన నివేదికకు ఆమె లెక్కలూ, వ్యాఖ్యలూ ఆధారమైనవి. ఏటా వెయ్యికి 69 మంది సైనికులు చనిపోతున్నారని ఆ సంఘం తేల్చింది. పిమ్మట ఆమె దృష్టి సైనికుల నుండి రైతులపైకి మరలింది. కరువుకూ, రోగానికీ, నీటికీ ఉన్న సంబంధాన్ని గురించి వ్రాసింది. ధవళేశ్వరం ఆనకట్టను 1852 నాటికి పూర్తిచేసిన సర్ ఆర్థరు కాటన్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపి, నీటిపారుదలను గురించిన ఆయన వాదాన్ని బలపరచింది. గోదావరి మండలంలో, యానాంలో కాటన్ దొర పేరు తెలియని ఇల్లుండదు. ఆయన మాటను ఇంగ్లండులో సమర్థించినవారిలో ఒక నర్సు ఉండెనన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు.

ఇంతటి స్త్రీ పేరుతో 1860లో లండనులోని సెయింటు థామస్ ఆసుపత్రిలో నర్సుల పాఠశాల వెలసింది. ఆ నమూనా లోకమంతటా పాకింది. కాని వింత చూడండి. ప్రభుత్వాన్నే నిలదీసిన స్త్రీ పేరుతో పాకిన ఆ చదువు, అనేక ఆసుపత్రులలో క్రమంగా విధేయతా శిక్షణగా మారిపోయింది. నర్సు విద్యార్థిని అంటే జీతం తక్కువ పనిమనిషి. డాక్టరు వస్తే లేచి నిలబడాలి, అడిగితే చెప్పాలి, అడగకపోతే చెప్పకూడదు. డాక్టరు ఒక కళాశాలలోనూ, నర్సు ఆసుపత్రి వెనుక వసతిగృహంలోనూ చదివి, ఇద్దరూ మొట్టమొదటిసారి రోగి మంచం దగ్గరే కలుసుకొనేవారు. కలసి పనిచేయవలసినవారు కలసి చదవలేదు. ఆ లోపం నూరేండ్లు నడిచింది.

రాయవేలూరు కథ

ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం మన పొరుగుననే జరిగింది. చిత్తూరు, పలమనేరు, కుప్పం ప్రాంతాల నుండి జబ్బుమనిషిని తీసుకొని రాయవేలూరుకు పోవడం మనవారికి తరతరాల అలవాటు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు చిత్తూరూ, వేలూరూ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే గదా.

ఐడా స్కడ్డరు 1870లో రాణిపేటలో పుట్టింది. తండ్రి మిషనరీ డాక్టరు. ఆమెకు చిన్నతనంలో ఈ దేశంలో ఉండిపోవాలన్న కోరిక లేదు. 1890 ప్రాంతాన తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు గృహస్థులు ఒకరి తరువాత ఒకరు వచ్చి తలుపు తట్టినారు. ముగ్గురి భార్యలూ పురిటినొప్పులతో బాధపడుతున్నారు. మగ డాక్టరు రాకూడదు. నీవు రావాలి అన్నారు. ఆమెకు వైద్యం రాదు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయినారు. ఆ దెబ్బతో ఆమె అమెరికాకు పోయి 1899లో కార్నెల్ వైద్యకళాశాలలో పట్టం పుచ్చుకొని, 1900 సంవత్సరారంభంలో తిరిగివచ్చింది. ఒక మంచంతో మొదలైన చికిత్స 1902 నాటికి 40 మంచాల ఆసుపత్రి అయినది.

ఐడా త్వరలోనే తెలుసుకొన్నది ఏమనగా, డాక్టరు ఒక్కతే ఎంత పరుగెత్తినా చాలదని. 1909లో డీలియా హౌటన్ అనే నర్సు సహాయంతో నర్సుల శిక్షణ ప్రారంభించింది. వైద్య పాఠశాల పుట్టినది ఆ పిమ్మట తొమ్మిదేండ్లకు, 1918లో. అనగా వేలూరులో నర్సు చదువే అక్క; డాక్టరు చదువు చెల్లెలు! ఈ వరుస చిన్న విషయమనిపించవచ్చును గాని, ఆ సంస్థ స్వభావం కొంత దీనిలోనే ఉన్నది.

అప్పట్లో ఆమె గుడియాత్తం దారిలో చెట్లక్రింద ఆగి వైద్యం చేసేది. మొదట ఎద్దుబండి, తరువాత మోటారు. ఆ చెట్టుక్రింద ఒకరు పుండ్లు కడగాలి, ఒకరు మందు కలపాలి, ఒకరు రోగులను వరుసలో నిలపాలి, ఒకరు పేరు వ్రాయాలి. అక్కడ గోడలు లేవు, గదులు లేవు. డాక్టరు చేసేదంతా నర్సు చూస్తుంది, నర్సు చేసేదంతా డాక్టరు చూస్తుంది. ఎవరి పని ఏమిటో ఎదుటివారికి తెలియడమే కలసి చదువులో మొదటి పాఠం. దానికి తరగతిగది కంటే చింతచెట్టే మేలైనది.

1942లో వేలూరు పాఠశాల డిగ్రీ కళాశాల అయినది. 1946లో నర్సింగు డిగ్రీ వచ్చింది. అదే సంవత్సరం ఢిల్లీలోనూ నర్సింగు కళాశాల ఏర్పడింది. దేశంలో నర్సింగుకు విశ్వవిద్యాలయపు పట్టం ఇచ్చిన మొదటి రెండు కళాశాలలు ఇవే. 1947లో వేలూరు వైద్యకళాశాలలో మగపిల్లలకు ప్రవేశం కలిగింది. అదే 1946లో భోరు కమిటీ నివేదిక వెలువడింది. ఆనాడు దేశంలో 6,300 మందికి ఒక డాక్టరు, 43,000 మందికి ఒక నర్సు ఉండినారని ఆ నివేదిక చెప్పింది. లెక్క వేస్తే ఒక నర్సుకు దాదాపు ఏడుగురు డాక్టర్లు! కావలసిన క్రమానికి ఇది తలక్రిందులు. ఆజ్ఞలు వ్రాసేవారు ఎక్కువ, రోగి ప్రక్కన నిలిచేవారు తక్కువ. ఇట్టి దేశంలో నర్సింగుకు డిగ్రీ ఇవ్వడం అలంకారం కాదు, అవసరం.

ఎలుకలు, తాళంచెవి, చెప్పులు

కలసి ఆలోచించడంవల్ల కొత్త వైద్యం ఎట్లా పుడుతుందో చెప్పడానికి వేలూరులోనే గొప్ప ఉదాహరణ ఉన్నది. 1946లో పాల్ బ్రాండు అనే యువ శస్త్రవైద్యుడు అక్కడకు వచ్చినాడు. మరుసటి సంవత్సరం చెంగల్పట్టు కుష్ఠురోగుల ఆసుపత్రి చూడబోయి, వంకరలు తిరిగిన ఒక రోగి చేతిని పట్టుకొని, వ్రేళ్ళు బిగించమన్నాడు. చచ్చుబడినదనుకొన్న ఆ చేయి ఇనుపపట్టు పట్టింది. అంటే ముంజేతిలోని కండరాలలో బలం ఉన్నదన్నమాట. బలమున్న కండరపు నరాన్ని - మనవాళ్ళు నరమంటారు గాని అది కండరాన్ని ఎముకకు కట్టే పలుపుత్రాడు - మార్చి కట్టితే వ్రేళ్ళు తెరుచుకొంటవి. 1948 నుండి వేలూరులో ఇట్టి శస్త్రచికిత్సలు మొదలైనవి.

ఇంతవరకు ఇది ఒక డాక్టరు కథ. ఆ తరువాతిది ఒక్కరి కథ కాదు. కత్తి పని ముగియగానే చేయి పనిచేయదు. కట్టు విప్పిన పిమ్మట ఏ కండరాన్ని బిగిస్తే ఏ వ్రేలు కదులుతుందో మెదడుకు కొత్తగా నేర్పాలి. అది వ్యాయామ చికిత్స తెలిసినవారి పని. పుండ్లు మానేటట్లు చూడడం నర్సు పని. బాగుపడిన చేతితో బ్రతుకుతెరువు సంపాదించడం నేర్పేవాడు వడ్రంగి. ఇందుకోసం 1951లో కళాశాల ఆవరణలో నవజీవ నిలయం అనే చిన్న పల్లె వంటిది ఏర్పడింది.

అక్కడ ఒక చిక్కు వచ్చింది. బాగుచేసిన చేతులకు మళ్ళీ గాయాలు అవుతున్నవి, వ్రేళ్ళు పొట్టివైపోతున్నవి. కుష్ఠురోగంలో మాంసం దానంతటదే రాలిపోతుందని ఆనాటి లోకమంతా నమ్మేది. ఒకనాడు బ్రాండు తుప్పుపట్టిన తాళం తీయలేక తంటాలు పడుతుంటే, రోగియైన ఒక కుర్రవాడు చొరవగా వచ్చి తాళంచెవి త్రిప్పివేసినాడు. చూస్తే వ్రేలు ఎముకదాకా తెగి రక్తం కారుతున్నది. వాడికి ఆ సంగతే తెలియదు. నొప్పి లేదు. రోగం మాంసాన్ని తినడం లేదు. నొప్పి తెలియకపోవడమే చేతిని తినివేస్తున్నదని అర్థమైంది. అప్పటినుండి ప్రతి గాయానికీ కారణం వెదకసాగినారు. వేడిగిన్నె పట్టుకోవడం, సుత్తిపిడి ఒత్తుకోవడం, మేకు దిగిన చెప్పుతో నడవడం - ఒక్కొక్కటిగా కారణాలు దొరికినవి. కాని రాత్రి పడుకొన్నప్పుడు బాగున్న వ్రేలు తెల్లవారేసరికి కొంత లేకపోవడం ఎవరికీ అంతుపట్టలేదు. చివరకు రాత్రి కాపలా కాచి చూచినారు. ఎలుకలు వచ్చి, స్పర్శ లేని వ్రేళ్ళను కొరుకుతున్నవి! మందు ఏమిటి? పిల్లులు. రోగులకు పిల్లులను ఇచ్చినారు.

శస్త్రచికిత్సా గ్రంథాలలో ఎక్కడ వెదకినా ఈ మందు దొరకదు. రాత్రివేళ రోగి మంచం దగ్గర ఏమి జరుగుతుందో పగటివేళ శస్త్రవైద్యునికి కనపడదు. రాత్రి మేలుకొని ఉండేవారు చూడాలి, చూచినది చెప్పాలి, చెప్పితే వినేవాడు ఉండాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా ఆ వ్రేళ్ళు దక్కేవి కావు. చెప్పుల సంగతీ అంతే. పాదంలో ఏ చోట బరువు పడుతున్నదో డాక్టరు చెప్పాలి, మెత్తని రబ్బరును ఆ కొలతకు కోయడం చెప్పులు కుట్టేవాని చేతిలో ఉన్నది. వాడి పనితనం లేకపోతే డాక్టరు కనిపెట్టినది కాగితం మీదనే ఉండిపోయేది.

అదే బృందంలో మేరీ వర్గీసు అనే యువ వైద్యురాలు ఉండినది. 1954 జనవరిలో మోటారు ప్రమాదంలో ఆమె వెన్నెముక దెబ్బతిని నడుము క్రింది భాగం చచ్చుబడింది. ఇక వైద్యవృత్తి ముగిసినదనే అందరూ తలచినారు. చేతికి చేసే శస్త్రచికిత్స కూర్చుండి చేయవచ్చును గదా అన్న ఆలోచన ఆమెను నిలబెట్టింది. చక్రాల కుర్చీలో కూర్చుండి కుష్ఠురోగుల చేతులు బాగుచేసింది. పిమ్మట ఆస్ట్రేలియాలోనూ, న్యూయార్కులోనూ శిక్షణ పొంది వచ్చి, వేలూరులో పునరావాస వైద్యశాఖకు అధిపతి అయినది. 1966లో అక్కడ ప్రత్యేక పునరావాస సంస్థ వెలసింది. 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. వెన్నుదెబ్బ తగిలిన రోగిని గంటల లెక్కన ప్రక్కకు త్రిప్పకపోతే పుండ్లు పడి ఆ పుండ్లతోనే పోతాడు. ఆ త్రిప్పే పని నర్సుది, ఇంటివారిది. నర్సు ప్రాణం కాపాడుతుంది, వ్యాయామ చికిత్సకుడు బలం ఇస్తాడు, వడ్రంగి వాలుబల్ల చేస్తాడు, డాక్టరు అందరినీ ఒక దారిన నడుపుతాడు. అక్కడ ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న ప్రశ్నకే చోటు లేదు.

లోకం నేర్చిన పాఠం

ఇట్లా అక్కడక్కడ మంచి బృందాలు ఉండినా, సామాన్య ఆసుపత్రులలో పాత పద్ధతే నడిచింది. 1967లో లెనార్డు స్టీను అనే అమెరికా మనోవైద్యుడు ఒక వ్యాసం వ్రాసినాడు. నర్సు రోగికి ఏమి కావాలో తెలిసికూడా సూటిగా చెప్పదు. డాక్టరుకే తోచినట్లు కనబడేటట్లు మాట నడుపుతుంది. డాక్టరు కూడా సలహా అడిగినట్లు కనపడకుండా అడుగుతాడు. దీనిని ఆయన ఒక ఆట అన్నాడు. మన ఉమ్మడి కుటుంబాలలో కోడలు అత్తగారితో మాట్లాడే తీరు ఎరిగినవారికి ఈ ఆట కొత్తది కాదు! కాని ఇంట్లో ఆ ఆటవల్ల పోయేది కూరలో ఉప్పు. ఆసుపత్రిలో పోయేది ప్రాణం.

దీనికి విరుగుడు చదువులోనే ఉండాలని క్రమంగా తేలింది. 1978 ఆల్మా ఆటా మహాసభ ప్రాథమిక ఆరోగ్యానికి బృందం కావాలని చాటింది. 1986లో స్వీడను దేశంలోని లింషోపింగులో డాక్టరు, నర్సు, వ్యాయామ చికిత్స మొదలైన శాఖల విద్యార్థులందరూ మొదటి పది వారాలు కలసి చదివే పద్ధతి పెట్టినారు. 1996లో అక్కడనే విద్యార్థులు పెద్దల పర్యవేక్షణలో ఒక వార్డును కలసి నడిపే ఏర్పాటు చేసినారు. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆరోగ్యం కోసం కలసి పనిచేయడానికి కలసి నేర్వాలని ఒక నివేదిక ప్రకటించింది. 2010లో మరింత వివరంగా మార్గం చూపింది. సారాంశం ఇది: రెండు మూడు వృత్తుల విద్యార్థులు ఒకరిని గురించి ఒకరు, ఒకరి నుండి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలి. ఒకే గదిలో కూర్చుండి ఒకే ఉపన్యాసం వినడం ఈ చదువు కాదు. రైలుపెట్టెలో కలసి కూర్చున్నంత మాత్రాన బంధువులం కాము గదా.

మన దేశంలో 2019లో వచ్చిన వైద్యవిద్యా ప్రణాళిక డాక్టరును ఆరోగ్య బృందానికి నాయకుడు, సభ్యుడు కూడా అన్నది. 2021లో సవరించిన బి.ఎస్‌సి. నర్సింగు ప్రణాళిక బృందంతో కలసి పనిచేయడాన్ని నర్సుకు ఉండవలసిన ముఖ్య సామర్థ్యాలలో చేర్చింది. రెండు పుస్తకాలూ ఒకే మాట చెప్పుచున్నవి. ఇక ఆ రెండు పుస్తకాలు చదివే పిల్లలు ఒకచోట కూర్చోవడమే తరువాయి.

నలుగురు కూర్చుంటే చాలునా?

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. నలుగురు గుంపుగా కూర్చుంటే కొత్త ఆలోచనలు వాటంతట అవే పుట్టవు. ఆస్బరన్ అనే అమెరికా ప్రకటనల వ్యాపారి గుంపుగా కూర్చుండి తోచినదెల్లా చెప్పే పద్ధతిని 1953లో వ్రాసిన పుస్తకంతో బాగా ప్రచారం చేసినాడు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో దానిని పరీక్షించినారు. నలుగురు కలసి ఆలోచించినదానికంటే, నలుగురు విడివిడిగా ఆలోచించి వ్రాసినవి కలిపితే ఎక్కువ ఆలోచనలు వచ్చినవి. కారణం సులభం. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు ఆగాలి. ఆగేలోపల తమ ఆలోచన మరచిపోతారు. పెద్దవాడు ముందు మాట్లాడితే చిన్నవాళ్ళు ఆ దారినే పోతారు.

1996లో ఏమీ ఎడ్మండ్‌సన్ ప్రకటించిన పరిశోధన మరింత ఆలోచింపజేస్తుంది. ఆసుపత్రి వార్డులలో మందులిచ్చుటలో జరిగే పొరపాట్లను ఆమె లెక్కించింది. మంచి బృందాలలో పొరపాట్లు తక్కువగా ఉండునని అనుకొన్నది. లెక్కలో ఎక్కువగా తేలినవి! విచారించగా, మంచి వార్డులలో పొరపాట్లు ఎక్కువ జరగడం లేదు. అవి బయటికి చెప్పుకోగల ధైర్యం ఎక్కువ ఉన్నది. చెడ్డ వార్డులో తప్పు దాగి ఉంటుంది. దాగిన తప్పు మళ్ళీ జరుగుతుంది. తప్పు చెప్పుకోలేనిచోట కొత్త ఊహ కూడా చెప్పలేరు. రెండింటికీ కావలసిన ధైర్యం ఒకటే.

ఈ రెండు సంగతులనుబట్టి ఒక పద్ధతి ఏర్పడుతుంది. ఊహకు ఒక ఉదాహరణ చెప్పుకుందాం. చక్కెరజబ్బుతో ఒక తెలుగు ముసలమ్మ పరాయి భాషాప్రాంతపు ఆసుపత్రిలో ఉన్నది. రెండుమూడు సార్లు కారణం తెలియకుండా చెమటలు పట్టి సొమ్మసిల్లింది. వైద్య విద్యార్థి, నర్సు విద్యార్థిని, మందుల శాస్త్రం చదివేవాడు, ఆహారశాస్త్రం చదివే అమ్మాయి - నలుగురికీ ఈ కేసు ఇచ్చినారు. మొదట పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా ఎవరికి తోచినది వారు కాగితంపై వ్రాయాలి. పిమ్మట అందరిలో చిన్నది ముందు చదవాలి, నాయకుడు చివర. నర్సు విద్యార్థిని కాగితంలో ఇట్లా ఉంటుంది: "ఈమెకు ఇన్సులిను వేళకు ఇస్తున్నాం. కాని ఏకాదశినాడు ఈమె అన్నం ముట్టలేదు. పళ్ళెం అట్లాగే తిరిగిపోయింది. అడిగితే తలూపింది, మన భాష ఆమెకు రాదు." అంతే, ముడి విడిపోతుంది. ఇంజెక్షను పడింది, అన్నం పడలేదు. రక్తంలో చక్కెర దిగిపోయింది. ఇక మందుల విద్యార్థి మోతాదు సంగతి చూస్తాడు. ఆహారశాస్త్రపు అమ్మాయి ఉపవాసపు రోజుల పట్టిక వేస్తుంది. భోజనం పళ్ళెం చూచిన పిమ్మటనే ఇంజెక్షను అన్న నియమం నలుగురూ కలసి వ్రాసుకుంటారు. పళ్ళెం చూచినది ఒక్కతే. ఆ ఒక్కతె నోరు విప్పకపోతే మిగిలిన ముగ్గురి చదువూ వ్యర్థం.

మన పిల్లలకు మనం ఇచ్చేది

ప్రవాస కుటుంబాలలో పెరిగిన మన పిల్లలకు ఇందులో ఒక అనుకూలం ఉన్నది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో, అరవమో, మరాఠీయో, ఒడియానో, బడిలో ఇంగ్లీషు. ఒకరి మాట ఇంకొకరికి అందించడం వారికి చిన్ననాటి నుండి అలవాటు. కూరగాయల బేరం దగ్గర అమ్మమ్మకు అరవం చెప్పిన పిల్లే రేపు వార్డులో డాక్టరుకూ, రోగికీ మధ్య నిలబడుతుంది. కలసి చదువుకు కావలసిన మొదటి గుణం - ఎదుటివాని భాష అర్థం చేసుకోవాలన్న పట్టుదల - వారికి ఊరకనే వచ్చింది.

కాని మనం వారికి మరొకటి కూడా నేర్పుతున్నాం: పెద్దలముందు మాట్లాడకూడదని. గౌరవం వేరు, మౌనం వేరు. "అయ్యా, ఈ మోతాదు సరిగా ఉన్నదేమో మరొకసారి చూడండి" అనడంలో అగౌరవం లేదు. మన ఇండ్లలో పిల్ల ఏదైనా తప్పు చూపినప్పుడు "నీకేం తెలుసు, ఊరుకో" అంటే, ఆ మాట ఇంట్లోనే ఆగదు. నర్సు దుస్తులు తొడుక్కొని వార్డులోకి కూడా పోతుంది. అక్కడ రోగి మీ తండ్రే కావచ్చును, నా తల్లే కావచ్చును.

కనుక ఈ కొత్త సంవత్సరంలో తల్లిదండ్రులకు నాది ఒక మనవి. నర్సింగు చదివే మీ పిల్ల సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మార్కులు ఎన్ని వచ్చినవని మాత్రమే అడగకండి. "ఈసారి వార్డులో నీవు చూచినది ఏమిటి? ఎవరికి చెప్పినావు? వారు విన్నారా?" అని అడగండి. విన్నారంటే ఆ ఆసుపత్రి మంచిది. వినలేదంటే, మళ్ళీ చెప్పమని ధైర్యం ఇవ్వండి. చెట్టుక్రింద పుండ్లు కడిగినవారు, రాత్రి మేలుకొని ఎలుకలను కనిపెట్టినవారు, చక్రాల కుర్చీలో కూర్చుండి చేతులు బాగుచేసినవారు - వీరందరూ మొదట తాము చూచినదానిని నమ్మినవారే.

ఇకముందు మన ఇంట్లో జబ్బు నయమై ఎవరైనా తిరిగివస్తే, డాక్టరుగారి హస్తవాసిని తప్పక తలచుకుందాం. దానితోపాటు మిగిలిన చేతులను కూడా తలచుకుందాం. పేర్లు తెలియకపోతే అడిగి తెలుసుకుందాం. అందరికీ నూతన సంవత్సరం ఆయురారోగ్యాలను ఇచ్చుగాక.